హన్మకొండ నుంచి రెండు రోజుల ట్రైల్ రైడ్, ఒక రాత్రి డేరా: రూటు, బండి, సామాను చూసి చెప్పుండ్రి

హన్మకొండ_ఎక్స్‌పల్స్
డిసెంబర్ మొదటి శని, ఆదివారాలు పదకొండు బండ్లు పోతున్నయి. ఎక్స్‌పల్స్ 200 ఐదు, హిమాలయన్ 411 రెండు, హిమాలయన్ 450 ఒకటి, 390 అడ్వెంచర్ ఒకటి, స్ప్లెండర్లు రెండు. ముగ్గురికి మట్టి మీద నడపడం ఇదే మొదలు.
అనుకున్నది ఇది: శనివారం పొద్దున 6కు హన్మకొండల కలిసి ఎన్‌హెచ్ 163 మీద ములుగు, పస్రా, తాడ్వాయి. ఆడికెళ్లి రోడ్డు ఇడిచి అడవి బాటలు. రాత్రి జంపన్నవాగు ఇసుకల డేరాలు, మంట. ఆదివారం బొగత చూసుకొని వాపస్.
టైర్ల గాలి ఎంత పెట్టాలె, ఏమేం మోయాలె, పదకొండు మందిని ఎట్ల నడిపియ్యాలె, ఇవి తెల్వాలె. మా వాట్సాప్ గ్రూపుల గాలి మీదనే పంచాయితీ నడుస్తున్నది. ఒకాయన 12 పీఎస్ఐ అంటడు, ఇంకొకాయన 30 అంటడు.

పస్రా_దాటి
గాలి సంగతి తర్వాత, ముందుగాల రూటు మార్చుండ్రి. మీరు దిగుతమంటున్న అడవి ఏటూరునాగారం అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 27: ప్రజా రహదారి మీద దాటిపోయేటోళ్లకు అడ్డం లేదు. రోడ్డు దిగి లోపలికి పోవాలంటె సెక్షన్ 28 కింద పర్మిట్ ఉండాలె. సెక్షన్ 30 ప్రకారం లోపల నిప్పు పెట్టుడు, మంట ఆర్పకుండ ఇడిచిపెట్టుడు నేరం. మీ ప్లానుల బాటలు, డేరా, మంట మూడూ పోయినయి. బండ్లు సీజ్ ఐతె ఇడిపిచ్చుకునేతందుకు కోర్టు చుట్టు తిరగాలె.

హన్మకొండ_ఎక్స్‌పల్స్
మ్యాపుల బాట మంచిగనే కనపడ్తున్నది. గూడేలోళ్లు బండ్ల మీద తిరుగుతనే ఉంటరు కద?

పస్రా_దాటి
వాళ్ల ఇండ్లు, భూములు లోపల ఉన్నయి. లోపల ఆస్తి హక్కున్నోళ్లకు, వాళ్ల మీద ఆధారపడ్డోళ్లకు అదే సెక్షన్ 27 మినహాయింపు ఇస్తది. మనకు లేదు. ఇంకోటి, 2024 ఆగస్టు 31 గాలివానకు తాడ్వాయి, మేడారం నడుమ వేల చెట్లు వేర్లతోని లేచి కూలినయి. మ్యాపుల గీత నమ్ముకొని పోయే జాగ కాదది.
వాగు ఇసుకల డేరా అసలే వద్దు. 2023 జులైల వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649 మిల్లీమీటర్ల వాన పడ్డది. మోరంచవాగు, జంపన్నవాగు ఊర్ల మీదికే వచ్చినయి. డిసెంబర్ల అంత రాదు, కని తుఫాను వానలు డిసెంబర్ల గూడ పడ్తయి. వాన ఎక్కన్నో పడ్తది, నీళ్లు నడి రాత్రి మీ కాడికి వస్తయి. వాగు కంటె కనీసం ఒక మనిషి ఎత్తు పైన ఉన్న నేలనే చూసుకోండ్రి.

చెలక_బాట
మట్టి కావాల్నంటె అడవిలకే పోవాల్నని ఎవరు చెప్పిన్రు? మన దిక్కు నడపనీకి మస్తు దారులు అడవి బయటనే ఉన్నయి. చెలకల నడుమ ఎడ్లబండి బాటలు, ఊరికి ఊరికి నడుమ డొంకలు, వాగు దాటే పాత అడ్డదారులు. ఎర్ర మట్టి, మొరం, గుండ్రాళ్లు, నల్లరేగడి, ఇసుక, ఐదు రకాల నేల ఒక్క పూటల దొరుకుతది.
నేనైతె గిట్ల పెడత. హన్మకొండ నుంచి పరకాల మీదుగ రేగొండ దాక తారు. రేగొండల చాయ్, ఆడనే టైర్ల గాలి తగ్గించుడు. అక్కడి నుంచి గణపురం దిక్కు పల్లె బాటలు. గణపురంల కోటగుళ్లు, గణపసముద్రం చూసి పాలంపేట దిక్కు మళ్ల మట్టి. రామప్ప దాటినంక ఊరికి దగ్గర ఎవరిదన్న మామిడి తోటల రాత్రి. ఆదివారం తారు మీద లక్నవరం పోయి, ములుగు మీదుగ వాపస్. లక్నవరం చుట్టున్న గుట్టలు అడవి కిందికే వస్తయి, ఆడ రోడ్డు దిగొద్దు. పాండవుల గుట్ట రేగొండ మండలంలనే ఉన్నది, కని అది అటవీ శాఖ చేతిల ఉన్న జాగ. గేటు కాడ బండి పెట్టి, అడిగి, నడిచి చూసుడే.
రామప్ప గుడి 1213 నాటిది, 2021ల యునెస్కో జాబితాల చేరింది. గుడి పక్క మట్టిల, చెరువు కట్ట అంచు మీద బండి ఎక్కిచ్చుడు పెట్టుకోకుండ్రి. కట్ట వాలు మీద చక్రం గీసిన గాడిల వాన నీళ్లు పారితె అదే కోత ఐతది. కాకతీయుల కట్ట ఇంకా ఊరికి నీళ్లిస్తున్నది.
శనివారం మట్టి 50 కిలోమీటర్లకు మించొద్దు. కొత్తోళ్లున్న గుంపు మట్టిల గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోతది. ఒక్క పంక్చర్ పడితె 40 నిమిషాలు పోయినట్టే. డిసెంబర్ల 5:40 లోపల పొద్దు గూకుతది, 4 గంటలకు డేరా కాడ ఉండాలె. పోయే ముందటి ఆదివారం ఇద్దరు పోయి ఇదే రూటు నడిపి జీపీఎక్స్ ఫైల్ (ఫోన్ మ్యాపుల తెరిచే రూటు గీత) చేసుకొని రావాలె. పోయినోళ్లు తోట ఆసామితోని గూడ మాట్లాడాలె.

భూపాలపల్లి_411
చెలక_బాట అన్న రూటు మంచిదే. ఒక్కటి కలుపుత. డిసెంబర్ మొదటి వారం అంటె వరి కోతలు ఒడుస్తుంటయి. పల్లె రోడ్ల మీద సగం దాక వడ్లు, మక్కలు ఆరబోస్తరు. కుప్ప అంచుకు రాళ్లు పెడ్తరు, రాత్రైతె అవి కనపడవు. వడ్ల మీద బ్రేక్ కొడితె బండి నిలవది, గోలీల మీద పోయినట్టు జారుతది. ఆడ 20 స్పీడ్ల పోవాలె. వడ్ల మీదికి ఎక్కొద్దు, అది వాళ్ల ఆరు నెలల కష్టం.

కాలువ_మలుపు
ఇంత తిప్పలెందుకు? ఎస్సారెస్పీ కాకతీయ కాలువ గట్టు పట్టుకుంటె ట్రాఫిక్ ఉండది, దారి తప్పుడు ఉండది. కాలువ పొడవే 284 కిలోమీటర్లు.

భూపాలపల్లి_411
కాలువ గట్టు అనంగనే ఉరకొద్దు. అది నీటిపారుదల శాఖోళ్ల తనిఖీ బాట. కొన్ని దిక్కుల మోరీ కూలి గట్టు సగం తెగి ఉంటది, గడ్డి పెరిగి పది అడుగుల దగ్గరికి వచ్చేదాక కనపడది. సర్కారు తుమ్మ ముండ్లు ట్యూబుకు దిగుతయి. అన్నిటికంటె పెద్దది, సిమెంటు లైనింగు చేసిన కాలువల పడితె పైకి ఎక్కరాదు. వాలు నున్నగ ఉంటది, పాచి పడ్తది. బూట్లు, మోకాలి గార్డులతోని ఈదుడు కాని పని. నీళ్లు ఇడిచిన రోజులల్ల గట్టు మీద గుంపుగ నడిపేది అసలే వద్దు.

కాలువ_మలుపు
మా దిక్కు గట్టు మంచిగున్నది అన్నా. అన్ని కాలువలను ఒక్క గాటన కట్టొద్దు.

చెలక_బాట
ఇద్దరు చెప్పింది నిజమే. ముందు చూసొచ్చేటోళ్లు ఆ గట్టు గూడ చూసొస్తరు. చూడని గట్టు మీద పదకొండు మందిని ఎక్కియ్యొద్దు.

పానా_పెట్టె
ఇగ గాలి పంచాయితీ తెంపుదం. 12 అన్నాయన ఎండ్యూరో (మట్టి, రాళ్ల బాటల పోటీ) బండ్లను చూసి చెప్తున్నడు. వాటికి రిమ్ లాక్ ఉంటది, టైరును రిమ్ముకు బిగించి పట్టుకుంటది. మన బండ్లకు అది లేదు. గాలి మరీ తగ్గిస్తె రేస్ ఇచ్చినప్పుడు టైరు రిమ్ము మీద జరుగుతది, దానితోని ట్యూబు జరుగుతది, వాల్వ్ కాడ తెగుతది. ఆ ట్యూబుకు ప్యాచ్ పడది, పారేసుడే. రాయికి తాకితె ట్యూబు రిమ్ముకు టైరుకు నడుమ నలిగి రెండు బొక్కలు పక్కపక్కనే పడ్తయి. 30 పెడితె టైరు రాయి మీదికెళ్లి ఎగురుతది, మొరంల పట్టు ఉండది.
నేను పెట్టే లెక్క, సామానుతోని:
ఎక్స్‌పల్స్: ముందు 18, వెనుక 20.
హిమాలయన్ 411, 450: ముందు 20, వెనుక 24. బరువు 200 కిలోల దగ్గర్ల ఉంటది, ఇంక తగ్గిస్తె రిమ్ముకు దెబ్బ.
390 అడ్వెంచర్, అలాయ్ చక్రాలు: ముందు 24, వెనుక 26. అలాయ్ ఒంగితె స్పోక్ రిమ్ము లెక్క కొట్టి సాపు చెయ్యరాదు.
స్ప్లెండర్: కంపెనీ చెప్పిన దానికంటె 3 తగ్గిస్తె సాలు.
గాలి చల్ల టైరుకు చూడాలె. తారు ఎక్కంగనే మళ్ల నింపాలె, 18 మీద 80 స్పీడ్ల పోతె టైరు వేడెక్కి గోడలు చెడిపోతయి. గేజీ గుంపు మొత్తానికి ఒక్కటే వాడుండ్రి, రెండు గేజీలు ఒక్క లెక్క చెప్పవు.

రెండో_గేర్
పానా_పెట్టె అన్నా, ఆ 18 ఎర్ర మట్టికి మంచిదే. గణపురం దిక్కు గుండ్రాళ్ల బాటల కొత్తోళ్లకు 20, 22 పెట్టుమంట. చేయి తిరిగినోడు రాయిని చూసి తప్పిస్తడు, కొత్తోడు రాయినే చూసుకుంట దాని మీదికే పోతడు.

పానా_పెట్టె
ఒప్పుకుంటున్న. కొత్తోళ్లకు 2 ఎక్కువ పెట్టుండ్రి.
సామాను. ఇది గుంపు మొత్తానికి, ఇద్దరి బండ్ల మీద పంచుకోండ్రి:
టైరు లివర్లు మూడు, రెండింటితోని పని తెమలది. 21 ఇంచుల ముందు ట్యూబు రెండు. ఎక్స్‌పల్స్, 411, 450 మూడింటికి ముందు చక్రం 21 ఇంచులే. అవసరం పడితె అదే ట్యూబును వాటి వెనుక చక్రంల మడిచి పెట్టి మెల్లగ ఇల్లు చేరొచ్చు. వెనుక ట్యూబును మాత్రం ముందు చక్రంలకు సాగదియ్యరాదు. స్ప్లెండర్‌కు 18 ఇంచుల ట్యూబు ఒకటి. 390 ట్యూబ్‌లెస్ కాబట్టి పుల్లల కిట్టు (టైరు బొక్కల రబ్బరు పుల్ల దూర్చి మూసేది). ప్యాచులు, సొల్యూషన్ కొత్త ట్యూబు. ఒకసారి తెరిచిన సొల్యూషన్ ఎండిపోయి ఉంటది. వాల్వ్ పిన్ను విప్పే టూలు. చేతి పంపు ఒకటి, బ్యాటరీకి తగిలిచ్చే చిన్న కంప్రెసర్ ఒకటి.
క్లచ్, బ్రేక్ లివర్లు బండికి ఒక జత. పడితె ముందుగాల ఇరిగేవి అవే. లివర్ల బోల్టులు కొంచెం వదులుగ పెట్టుండ్రి, పడ్డప్పుడు లివరు ఇరగకుండ తిరిగిపోతది. క్లచ్ కేబుల్, చైను లింకు మీ చైను సైజుదే, ప్లగ్గు ఒకటి, ప్లగ్గు పానా, ఇంజన్‌కు పూసే ఎపాక్సీ ముద్ద, జిప్ టైలు 20, ఇనుప తీగ రెండు గజాలు, అరలీటరు ఇంజన్ ఆయిల్.
యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు ఎంత సైజో ఇంట్లనే చూసుకోండ్రి. మీ పానాతోని ఇంట్ల ఒకసారి రెండు చక్రాలు విప్పి బిగిస్తె అర్థమైతది ఏం తక్కువున్నదో. చైను సడలింపు మనిషి కూసున్నంక చూడాలె. పొడుగు సస్పెన్షన్ బండ్లకు మనిషి కూసుంటె చైను బిగుస్తది. స్టాండు మీద సరిగ్గ ఉన్నట్టు బిగిస్తె గుంతల పడ్డప్పుడు గేర్‌బాక్సు బేరింగు మీద గుంజుతది.

పరకాల_పిల్లగాడు
ఆ రెండు స్ప్లెండర్లల ఒకటి నాదే. రావాల్నా వద్దా?

రెండో_గేర్
నిశ్చింతగ రా తమ్మీ. బరువు తక్కువ, పడితె ఒక్కనివే లేపుకుంటవ్. నేలకు ఎత్తు 165 మిల్లీమీటర్లే, ఎక్స్‌పల్స్‌కు 220. బండి కడుపు కింద తాకేది చూసుకోవాలె. రాయి మీదికెళ్లి కాకుండ రాయి పక్క నుంచి పోవాలె. నీళ్లు దాటినంక డ్రమ్ బ్రేకు పట్టది. 50 గజాలు బ్రేకు సన్నగ ఒత్తి పట్టి పోతె వేడికి ఆరుతది. వెనుక సామాను కట్టకు, నీ డేరా వేరేటోళ్లు మోస్తరు.

భూపాలపల్లి_411
పరకాల తమ్మీ, ముందే చెప్తున్న. నల్లరేగడిల నీ స్ప్లెండర్ పోతనే ఉంటది, నా 411 ఎనుక దమ్ము తీసుకుంటది. అప్పుడు ఆగి ఒక చెయ్యెయ్యి.

నల్లరేగడి_నర్సంపేట
ఆ మాట నవ్వులాటకు కాదు. నల్లరేగడి తడిగ ఉంటె ఏ బండీ పోదు. మట్టి టైరుకు అంటి, ముందు మడ్‌గార్డు కింద ముద్దలు ముద్దలుగ దట్టిచ్చుకొని చక్రం తిరుగుడే ఆగుతది. 50 అడుగుల్ల ఐతది ఇది. సగం క్లచ్ మీద రేస్ పెంచితె క్లచ్ ప్లేట్లు మాడుతయి, వాసన వచ్చిందంటె ఆలస్యం ఐనట్టే. మడ్‌గార్డు టైరుకు దగ్గర ఉన్న బండ్లు (411, స్ప్లెండర్) ముందు ఆగుతయి. పైకి ముక్కు లెక్క ఉన్న మడ్‌గార్డైతె కొంత నయం.
వాన పడ్డంక నల్లరేగడికి రెండు రోజుల ఎండ కావాలె, ఎర్ర చెలకకు సగం రోజు సాలు, మొరానికి గంట. పోయే ముందటి రెండు రోజులు వాన పడితె రూటుల నల్లరేగడి ముక్కను తీసేసి తారు మీద దాటుండ్రి. మొండితనం చేస్తె ఆ పూటంత పుల్లతోని మడ్‌గార్డు గోకుడే పని. ఒక గట్టి కర్ర పుల్ల, లేకుంటె పాత దోశల చెంచా బ్యాగుల ఉంచుండ్రి.

రెండో_గేర్
ఎండిన నల్లరేగడి గూడ తక్కువది కాదు. ట్రాక్టరు గాడి ఎండి ఇటుక లెక్క ఐతది. ముందు చక్రం గాడిల పడితె బయటికి గుంజొద్దు, గాడిలనే పోనియ్యాలె, చూపు చక్రం కాడ కాదు, గాడి ఎక్కడ ఒడుస్తదో అక్కడ పెట్టాలె.
కొత్త ముగ్గురికి రేగొండల బండి ఎక్కే ముందు అరగంట పాఠం. ఖాళీ చెలకల నిలబడి నడపాలె: మోకాళ్లతోని టాంకీ పట్టి, పాదం నడుమ భాగం ఫుట్‌పెగ్ మీద, మోచేతులు బయటికి, లివర్ల మీద ఒక్కటో రెండో వేళ్లు. మట్టిల ముందు బ్రేకు మెల్లగ ఒత్తుడు, ఒక్కసారి గుంజుడు కాదు. ఏబీఎస్ ఆపే మీట ఉన్నోళ్లు వెనుక చక్రానికి ఆపుండ్రి. ఇంజన్ ఆపి మళ్ల స్టార్ట్ చేస్తె చాలా బండ్లల అది మళ్ల ఆన్ ఐతది, ఆగి బయలుదేరినప్పుడల్ల చూసుకోవాలె.
ఇసుక వస్తె: రెండో గేరు, ఒంటి బరువు వెనక్కి, రేస్ ఇడవొద్దు. హ్యాండిల్ ఊగుతది, ఊగనియ్యి. రేస్ ఇడిస్తె ముందు చక్రం పాతుకుంటది. ఆగితె రేస్ పెంచి తవ్వుకోకు. బండిని పక్కకు పండబెట్టి, గుంతను కాలితోని పూడిచి, లేపి నూకుడే.

హన్మకొండ_ఎక్స్‌పల్స్
వాగు దాటుడు ఎట్ల? మొదటి రోజు రెండు చోట్ల నీళ్లు ఉంటయంటున్నరు.

రెండో_గేర్
ఎవరైన ఒకరు కర్ర పట్టుకొని నడిచి దాటాలె, నడిచిన గీత మీదనే బండ్లు. నీళ్లు మోకాలు దాటితె, లేకుంటె నిలబడ్డ మనిషి కాళ్లు జరుగుతుంటె ఆ వాగు ఆ రోజుకు వద్దు. లో లెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటె, జానెడే ఐనా, దాటొద్దు. కింద సిమెంటు కొట్టుకపోయింది కనపడది. దాటొచ్చే కాడ మొదటి గేరు, ఒక్క తీరు రేస్, ఒకరు దాటినంకనే ఇంకొకరు.

పానా_పెట్టె
నీళ్లల్ల బండి పడి ఆగిపోతె సెల్ఫ్ కొట్టొద్దు, కిక్ కొట్టొద్దు. సిలిండర్ల నీళ్లు ఉంటె పిస్టను ఒత్తుతది, నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ ఒంగుతది. బయటికి తీసి, ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచి నీళ్లు ఒంపి, ప్లగ్గు విప్పి, అప్పుడు ఇంజన్ తిప్పితె నీళ్లు ప్లగ్గు బొక్కల నుంచి చిమ్ముతయి. ఆగినంక ప్లగ్గు తుడిచి పెట్టి స్టార్ట్. ఆయిల్ చూసే అద్దంల పాల రంగు కనపడితె బండి నడపొద్దు, ఆయిల్ మార్చేదాక నూకుకుంట పోవాలె.

కాలువ_మలుపు
పదకొండు బండ్లు ఒక్క గుంపుగ పోవచ్చునా?

చెలక_బాట
పోవొద్దు. ఆరు, ఐదు గుంపులు చెయ్యుండ్రి, నడుమ 15 నిమిషాలు. ప్రతి గుంపుకు ముందు ఒకరు, ఆఖరుకు ఒకరు. ఆఖరుకు ఉండేటోడు గుంపుల బాగ నడిపేటోడు, పానాలు వచ్చినోడు అయి ఉండాలె. చాలా గుంపులు ఇక్కడ్నే తప్పు చేస్తయి, తేజుగ పోయేటోన్ని ముందు పెట్టి కొత్తోన్ని ఎనుకకు ఇడుస్తయి. కొత్తోడు ముందటోని ఎనుకనే, రెండో నంబర్ల ఉండాలె. అప్పుడు ముందటోడు అద్దంల వాన్ని చూసుకొని స్పీడు పెడ్తడు.
ప్రతి చీలిక కాడ కొత్తోళ్ల ఎనుకున్నోడు ఆగి దారి చూపియ్యాలె, ఆఖరోడు వచ్చేదాక కదలొద్దు. ఇది ఒక్కటి పాటిస్తె ఎవ్వరు తప్పిపోరు. పస్రా దాటినంక సిగ్నల్ చాలా చోట్ల ఉండది, ఈ రూటుల గూడ చెలకల నడుమ పోతది. మ్యాపు ఫోన్ల ముందే దింపుకోండ్రి. ఎండిన మట్టిల నడుమ దూరం దుమ్ము కిందికి దిగేదాక, అంటె 60, 70 గజాలు.

భూపాలపల్లి_411
రెండు గుంపులైతె సామాను గూడ రెండు వాటాలు కావాలె. ఒక్క గుంపు కాడనే లివర్లు ఉంటె రెండో గుంపు పంక్చర్ పడి కూసుంటది.

పానా_పెట్టె
కరెక్ట్. అట్లైతె టైరు లివర్లు ఆరు, పంపులు రెండు, 21 ట్యూబులు చెరో రెండు. 390 ఏ గుంపుల ఉంటె పుల్లల కిట్టు ఆ గుంపుల.

డేరా_గూటం
రాత్రి సంగతి ఎవ్వరు ముట్టుకోలేదు. నా మాట: డేరాలు, నీళ్లు, వంట సామాను ఒక ట్రాలీ ఆటోకు కట్టి తారు మీద తోట కాడికి పంపుండ్రి. కొత్తోని బండి మీద 15 కిలోల మూట కట్టి గుండ్రాళ్లల్లకు దింపుడు ఏం లాభం?

రెండో_గేర్
సామాను మోసుకుంట పోతెనే అది డేరా రైడ్. ఆటో వస్తె పిక్నిక్.

డేరా_గూటం
నీకు చేతనైతె నువ్వు మొయ్యి అన్నా, కొత్త ముగ్గురిది ఆటోల వెయ్యి. మోసేటోళ్లు మెత్తటి సంచులే కట్టుండ్రి. ఇనుప డబ్బాల కింద కాలు పడితె ఎముక ఇరుగుతది. బరువు సీటు మీద ఎత్తుగ పెట్టొద్దు, రెండు పక్కల కిందికి, మనిషికి దగ్గరగ. రబ్బరు తాళ్లు గుంతలల్ల సాగి ఊడి చైనుల పడ్తయి, బకిల్ ఉన్న పట్టీలే వాడుండ్రి.
నీళ్లు వంటతోని కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు, పదకొండు మందికి 55. ఊర్ల నీళ్ల ప్లాంటుల 20 లీటర్ల క్యాన్లు మూడు తీసుకోండ్రి. నడిపేటప్పుడు ఎవరి 2 లీటర్లు వాళ్ల ఈపు మీద. రాత్రికి బియ్యం 2 కిలోలు, కోడి 3 కిలోలు, బగారా అన్నం ఐతె పదకొండు మందికి సరిపోతది. వంట 5 కిలోల చిన్న సిలిండర్ మీద.
డేరా జాగ: ఎండిన కొమ్మ ఉన్న చెట్టు కింద వద్దు, పుట్ట పక్కన వద్దు, గడ్డివాము కాడ వద్దు, బోరు మోటరు డబ్బా కాడ వద్దు. తెల్లారంగ మంచు మస్తు కురుస్తది, పై గుడ్డ గట్టిగ గుంజి కట్టకపోతె లోపలికి ఒత్తుకొని పక్క తడుస్తది. చలి తాడ్వాయి దిక్కు ఊరి కంటె ఎక్కువ, తోటల గూడ కింద ఒక చాప, దాని మీద పరుపు చాప ఉండాలె. చలి నేల నుంచే ఎక్కుతది.
మంట ఆసామి ఒప్పుకుంటెనే, చుట్టు మూడు గజాలు గడ్డి లేకుండ చెక్కి. పండుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, చేతితోని తాకి చూడాలె.

పస్రా_దాటి
దీన్ని పెద్ద అక్షరాలల్ల రాసుకోండ్రి. పొద్దు గూకినంక చెలకలల్ల నడువొద్దు, బండి నడపొద్దు. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టు కరెంటు తీగ గుంజుతరు. అది చట్టానికి విరుద్ధం, ఐనా గుంజుతరు. మోకాలి కింద సన్న తీగ, టార్చి ఎలుగుల గూడ కనపడది. మనుషులు పోయిన్రు. బయటికి పోవాలన్నా ఆసామి చూపిన జాగకే. అందుకే ఊరి పెద్దకో, ఆసామికో ముందే చెప్పుడు మర్యాదకే కాదు, పాణానికి. ఏ చేను కాడ తీగ ఉన్నదో ఊరోళ్లకే ఎరుక.

పరకాల_పిల్లగాడు
పాముల సంగతి?

ఎంజీఎం_రోడ్
ఆసుపత్రి పని నాది, అందుకే వివరంగా చెప్తాను. మన దగ్గర భయపడాల్సినవి కట్లపాము, రక్తపింజర, నాగుపాము. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్న వాళ్లని కరుస్తుంది, నొప్పి దాదాపు తెలియదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున కడుపు నొప్పి, కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పాము కాటే అనుకొని కదలండి. కాబట్టి అడుగు గుడ్డ కుట్టి ఉన్న డేరా, జిప్పు ఎప్పుడూ మూసి. బూట్లు లోపలే పెట్టుకోండి, బయట ఉంటే తేళ్లు దూరుతాయి.
కాటు పడితే తాడు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, నాటు మందు కోసం ఆగకండి. ఉంగరాలు, బూటు తీసి, ఆ కాలికో చేతికో కర్ర కట్టి కదలకుండా చేయండి. మనిషిని నడిపించకండి. 108కి ఫోన్ చేస్తూనే దగ్గర్లో ఉన్న కారులో బయలుదేరండి. విషానికి విరుగుడు మందు ఆసుపత్రికి చేరితేనే, ములుగు ప్రభుత్వ ఆసుపత్రి గానీ వరంగల్ ఎంజీఎం గానీ. డేరా కాడ ఆ రాత్రి ఒక నాలుగు చక్రాల బండి ఉండాలి, ఆ ట్రాలీ ఆటో రాత్రికి అక్కడే ఉంటే నేను దానికే ఓటేస్తాను.
రైడ్‌లో ఎక్కువగా విరిగేది కాలర్ ఎముక. చేతిని ఛాతీకి ఆనించి చున్నీతో మెడకు కట్టి పంపండి. పడ్డవాడు మెడ నొప్పి అంటే, ఊపిరి బాగానే ఆడుతుంటే, హెల్మెట్ లాగకండి. పెట్టెలో క్రేప్ బ్యాండేజీలు నాలుగు, త్రికోణపు గుడ్డలు రెండు, గాయానికి వేసే గాజ్ గుడ్డ, ఓఆర్ఎస్ పది ప్యాకెట్లు, దోమల మందు. ఏజెన్సీ వైపు మలేరియా ఉంది, దోమల్ని తేలిగ్గా తీసుకోకండి.

రెండో_గేర్
ఎంజీఎం_రోడ్ చెప్పినంక ఆటో మీద నా మాట వెనుకకు తీసుకుంటున్న. ఆటో రావాలె.

నల్లరేగడి_నర్సంపేట
మందు గురించి ఒక్క ముక్క. శనివారం రాత్రి తాగినోడు ఆదివారం పొద్దున 7కు బండి ఎక్కొద్దు. ఎండకు, మట్టికి ఒంట్లె నీళ్లు ముందే తక్కువుంటయి. ఇది గ్రూపుల ముందే తేల్చుకోండ్రి, ఆడ పోయినంక తేలది.

హన్మకొండ_ఎక్స్‌పల్స్
రూటు మార్చినం. తాడ్వాయి అడవి, వాగు డేరా తీసేసినం. రేగొండ, గణపురం, పాలంపేట, తోటల రాత్రి, ఆదివారం లక్నవరం. ఆరు, ఐదు గుంపులు, ఆటో ఖాయం. ఇద్దరం ముందటి ఆదివారం చూసొస్తున్నం. పెట్రోలు ఎక్కడ?

చెలక_బాట
పరకాలల ఫుల్ చెయ్యుండ్రి, ఆదివారం ములుగుల. ఎక్స్‌పల్స్ టాంకీ 13 లీటర్లు, మట్టిల మైలేజీ 25, 30 మధ్య పడ్డా శనివారానికి ఢోకా లేదు. సీసాలల్ల మోసుడు వద్దు.

హన్మకొండ_ఎక్స్‌పల్స్
ఆఖరుది. 411కు సెంటర్ స్టాండు ఉన్నది. ఎక్స్‌పల్స్‌కు లేదు, బాటల వెనుక చక్రం విప్పాల్నంటె ఎట్ల లేపాలె? చెట్టుకు ఆనిచ్చుడేనా?

పానా_పెట్టె
చెట్టు వద్దు, జారితె మనిషి మీద పడ్తది. సాపు నేల మీద సైడ్ స్టాండు ఏసి, స్టాండు కింద చదునైన రాయి పెట్టు. గేరుల ఉంచు. ముందు బ్రేకు లివర్‌ను పాత ట్యూబు ముక్కతోని హ్యాండిల్‌కు కట్టు, బండి ముందుకు ఉరకది. యాక్సిల్ నట్టు చక్రం నేల మీద ఉన్నప్పుడే వదులు చెయ్యి, లేపినంక చేస్తె బండి ఊగుతది. ఇప్పుడు ఒకరు బండిని సైడ్ స్టాండు దిక్కు వంచితె వెనుక చక్రం లేస్తది. కుడి దిక్కు స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టుకునే చేయి) కింద, యాక్సిల్‌కు కొంచెం ముందు, గట్టి కర్ర నిలబెట్టు. కర్ర పైకొసకు వంక ఉండాలె, కిందికొస రెండు ఇంచులు నేలల దిగాలె. పట్టుకున్నోడు చెయ్యి ఇడవొద్దు. చక్రం తీసేటప్పుడు చైను అడ్జస్టర్లు ఏది ఎటు దిక్కుదో, బుషులు ఏ పక్కవో ఫోన్ల ఫోటో కొట్టుకో, తిరిగి పెట్టేటప్పుడు చీకటైతది.